యూదా కుర్చీకి అర్హతలు

యేసు ప్రభువు తాను చనిపోయే ముందు రాత్రి శిష్యుల ముందు మోకాళ్ళ మీద కూర్చుని వాళ్ళ కాళ్ళు కడిగాడు. ఆ రోజుల్లో పారిష్ కౌన్సిల్ లేదు కాబట్టి పని చప్పున అయిపోయింది. కొండ్రుపూడిలో అంత సులువు కాదు.

కొండ్రుపూడి లూర్దుమాత గుడిలో ఏటా పవిత్ర గురువారం సాయంత్రం పూజలో ఫాదర్ గారు పన్నెండుమందిని కుర్చీల్లో కూర్చోబెట్టి కాళ్ళు కడుగుతారు. మనుషులకి తగ్గింపు నేర్పడానికి పెట్టిన ఆచారం ఇది. నేర్చుకోవాలని జనానికి ఎంత ఆత్రమంటే, నిరుడు ఆ పన్నెండు కుర్చీల మీదికి ఇరవైమంది దాకా ఎగబడ్డారు. ఒక కుర్చీ విరిగింది. ఇద్దరు పెద్దమనుషులు కిందపడి, లేవకముందే ఒకరినొకరు ఏవో అనుకున్నారు. ఆ మాటలు బలిపీఠం దాకా వినిపించాయి. పాత ఫాదర్ గారు ఆ వేసవిలోనే బదిలీ అడిగి మరీ వెళ్ళిపోయారు.

కొత్తగా వచ్చిన జ్ఞానప్రకాశం ఫాదర్ గారు నెమ్మదస్తుడు. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సుకాలం మొదలవగానే కౌన్సిల్ వాళ్ళు గురువారం సంగతి ఎత్తితే ఆయన అన్నది ఒక్కటే మాట.

"దానికేముందండీ, పూజకొచ్చిన వాళ్ళలో ఎవరో పన్నెండుమందిని పిలుస్తాను. కాళ్ళుంటే చాలు గదా."

కౌన్సిల్ సభ్యులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అధ్యక్షుడు ఇన్నారెడ్డి గొంతు సవరించుకున్నాడు. ఆయనకి ఊరి బయట కోల్డ్ స్టోరేజీ ఉంది, గుడికి గంట ఇచ్చింది కూడా ఆయనే.

"ఫాదర్ గారూ, తమరు కొత్త. పూజ తమరు చూసుకోండి. కార్యక్రమం మేం చూసుకుంటాం."

ఇక్కడ మన రాయప్ప మాస్టారు లేచి నిలబడ్డాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, కౌన్సిల్ కార్యదర్శి. కౌన్సిల్ నిబంధనలన్నీ ఆయన స్వహస్తాలతో రాసినవే. నిబంధన లేని చోట ఆయనకి ఊపిరి ఆడదు. తన ఇంట్లో దొడ్డి తలుపు గడియ ఎప్పుడు వేయాలో కూడా రాసి అంటించిన మనిషి.

"అధ్యక్షా! కుర్చీలకు హోదా లేకపోవడమే ఈ అనర్థాలకు మూలకారణమని నా అభిప్రాయం. ఒక్కొక్క కుర్చీకి ఒక్కొక్క అపొస్తలుని నామఫలకం పెడదాం. ముందుగానే పేర్లు ఖరారు చేద్దాం. ఎవరి కుర్చీ వారిది. తోపులాటకు తావుండదు."

అందరూ బల్లలు చరిచారు. ఫాదర్ గారు మాత్రం నుదురు రుద్దుకున్నారు.

అసలు సంగతి ఏమిటంటే, మాస్టారుకి మొదటి కుర్చీ మీద ఎప్పటినుంచో కన్ను. పేతురుని పాతకాలం తెలుగు కతోలికులు రాయప్ప అనే పిలిచేవాళ్ళు. పేతురు పేరు పెట్టిన కుర్చీ వేశాక, అందులో కూర్చోమని రాయప్పని కాక ఇంకెవరిని పిలుస్తారు? ఇన్నేళ్ళుగా గుడి పనులన్నీ చేసినా ఆయన పాదాల మీద ఏ ఫాదరూ చెంబెడు నీళ్ళు పోయలేదు. కాళ్ళు కడగబోయిన ప్రభువుని పేతురు వద్దని వారించే మాట సువార్తలో ఉంది. మాస్టారు ఆ మాటని స్నానాల గదిలో రోజూ రకరకాల గొంతులతో సాధన చేస్తున్నాడు. ఆయన భార్య ఆంతోనమ్మ మొదట్లో కంగారుపడి తలుపు కొట్టేది, తర్వాత మానేసింది.

పేర్లు ఖరారు చేసే రోజు వచ్చింది. ఇన్నారెడ్డి కుర్చీ వెనక్కి వాలి, "పేతురు సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటా. ఆయన దగ్గర పరలోకం తాళాలుంటే, నా దగ్గర కోల్డ్ స్టోరేజీ తాళాలున్నయ్. పైగా గంట నాది" అన్నాడు. ఎవరూ కాదనలేదు. గంట మోగినప్పుడల్లా ఊరంతా ఆ సంగతి వింటూనే ఉంది.

మిగిలిన కుర్చీలు చకచకా పోయాయి. లాయర్ మరియదాసు, ప్రభువు తిరిగి లేచాడంటే నమ్మని తోమాసు కుర్చీ తీసుకుని, "మా వృత్తిలో అనుమానమే అర్హత" అన్నాడు. సేల్స్ టాక్స్ ఆఫీసులో చేసి రిటైరైన ఆయన్ని, పన్నులు వసూలు చేసిన మత్తయి కమ్మంటే మొదట నొచ్చుకున్నాడు గాని, ఆ పని మానేశాకే సువార్త రాశాడని నచ్చజెప్పారు. మధ్యలో ఎవరో, "మాస్టారూ, మీకు చిన్న యాకోబు ఇద్దామా?" అన్నారు.

"నాకేమీ వద్దు. సేవ చేయడమే నాకు తెలిసిన పని" అన్నాడు మాస్టారు. అందరూ కలిసి బతిమాలతారని, అప్పుడు ఇన్నారెడ్డి సిగ్గుపడి లేస్తాడని ఆయన లెక్క. ఒక్కడూ బతిమాలలేదు. చిన్న యాకోబు కుర్చీ ఫోటో స్టూడియో అతనికి వెళ్ళిపోయింది.

పదకొండు కుర్చీలు నిండాయి. పన్నెండోవాడి పేరు అప్పటిదాకా ఎవరికీ గుర్తురాలేదు. గుర్తొచ్చాక ఎవరూ పైకి అనలేదు.

చివరికి ఫాదర్ గారే అన్నారు. "యూదా. ప్రభువుని అప్పగించినవాడు. ఆ రాత్రి అతని కాళ్ళు కూడా కడిగారు గదండీ."

"ఆ కుర్చీ ఎత్తేద్దాం" అన్నాడు పదకొండోవాడిగా ఖరారైన బ్యాంకు మేనేజరు, వెంటనే నాలుక కరుచుకుని, "వద్దొద్దు, అప్పుడు చివరివాణ్ణి నేనవుతా" అన్నాడు.

"ఖాళీగా వదిలేద్దామా?"

"అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు" అన్నాడు లాయరు. "ఎవరికోసం ఖాళీ ఉంచారా అని జనం ఆలోచిస్తారు. మన జనం ఆలోచిస్తే ఎవరి పేరు తేలుద్దో చెప్పలేం."

యూదా పోయాక అతని స్థానంలో మత్తీయ అనే ఆయన్ని ఎన్నుకున్నారు కాబట్టి ఆ పేరు పెట్టుకోవచ్చునా అని మేత్రాసనానికి, అంటే బిషప్ గారి కార్యాలయానికి, రాశారు. జవాబు వారంలోపే వచ్చింది. మాస్టారు దాన్ని నిలబడి చదివాడు.

"తమరి లేఖ అందినది. మత్తీయ గారి ఎంపిక ప్రభువు వారి ఉత్థానారోహణముల తదుపరి జరిగినందున, పవిత్ర గురువారము నాటికి సదరు మత్తీయ గారు విధులలో చేరియుండలేదు. కావున సదరు కుర్చీ యూదా ఇస్కరియోతు గారికే చెందునని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

మేత్రాసనం వారే 'గారు' అన్నాక ఇక తప్పేదేముంది. యూదా ఎంపికకి ఉపసంఘం వేశారు. అర్హతలు రాసే భారం మాస్టారు మీద పడింది. పేతురు దక్కని బాధని ఆయన నిబంధనల్లో ముంచి మరిచిపోయాడు.

"అభ్యర్థి నిష్కళంకమైన ప్రవర్తన కలిగి ఉండవలెను. ఈ తపస్సుకాలములో ఫాదర్ గారి వద్ద తన పాపములు ఒప్పుకొని పాపసంకీర్తనము చేసి ఉండవలెను. ఎన్నడూ ఎవరినీ మోసగించి ఉండరాదు. సదరు విషయమును ఇద్దరు గౌరవనీయులు ధ్రువీకరించవలెను."

"అంత మంచివాడు యూదా ఎట్లా అవుతాడండీ?" అన్నారు ఫాదర్ గారు.

"గుడి గౌరవం చూడాలి గదా ఫాదర్ గారూ" అన్నాడు ఇన్నారెడ్డి. "ఎవడో దొంగని తెచ్చి కూర్చోబెట్టారంటే మన పారిష్‌కెంత మచ్చ!"

ముందుగా వచ్చింది జోజప్ప. సాయంత్రమైతే తాగి ఎక్కడో ఒకచోట పడుండే మనిషి. గది బయటే నిలబడి, "నేను కూకుంటానయ్యా. కాళ్ళు కడిగి, తుడిచి, ముద్దు గూడా పెట్టుకుంటారంటగా. మా ఇంట్లో నన్ను గడపే తొక్కనియ్యటల్లా" అన్నాడు. ప్రవర్తన బాగాలేదని ఉపసంఘం ఏకగ్రీవంగా తిరస్కరించింది. యూదా కావడానికి కూడా పనికిరానని తెలిసిన జోజప్ప ఆ రాత్రి ఇంకాస్త ఎక్కువ తాగాడు.

ప్రవర్తన బాగున్నవాళ్ళని వెతుక్కుంటూ వెళితే వాళ్ళు కర్రలు తీశారు. పక్క ఊరి నాటక సమాజంలో యూదా వేషం కట్టే ఆయన్ని పిలిపిస్తే, అడ్వాన్సు అడిగాడు. ఇదేం అన్యాయమంటే, "యూదా కూడా అడ్వాన్సు తీసుకునే చేశాడు గదండీ" అన్నాడు. న్యాయమే అనిపించింది గాని, ఆయనకి బాప్తిస్మం లేదని తేలింది. ద్రోహం చేయాలన్నా కతోలికుడై ఉండాలని మాస్టారు నిబంధనల్లోనే ఉంది. ఆయన్ని బస్సెక్కించారు.

గురువారానికి నాలుగు రోజుల ముందొచ్చే మట్టల ఆదివారం కూడా దాటిపోయింది. లాయర్ మరియదాసు కౌన్సిల్ నిబంధనల పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపిస్తూ చదివాడు. "కౌన్సిల్ నిర్వహించు ఏ కార్యక్రమములోనైనను స్థానము ఖాళీ ఏర్పడి, అర్హులు లభించనిచో, కార్యదర్శి పదవి రీత్యా సదరు స్థానమును భర్తీ చేయవలెను."

"ఎవరండీ ఇది రాసింది? చక్కగా రాశారు" అన్నాడు ఇన్నారెడ్డి.

అందరూ మాస్టారు వైపు చూశారు. ఆయన కూడా అలవాటుగా పక్కకి చూశాడు, ఎవరైనా ఉంటారేమోనని. పక్కన గోడ ఉంది.

కొండ్రుపూడిలో ఇది చిన్న విషయం కాదు. ఎప్పుడో ఈస్టరు నాటకంలో చిన్నప్ప అనే ఆయన, ప్రభువుకి శిక్ష వేసి చేతులు కడుక్కున్న పిలాతు వేషం వేసి, ఒక్కసారి చేతులు కడుక్కున్నాడు. అంతే, జీవితాంతం పిలాతు చిన్నప్ప అయ్యాడు. ఆయన పోయాడు గాని పేరు పోలేదు. కొడుకుని చిన్న పిలాతు అంటారు, వాళ్ళ పొలాన్ని పిలాతోళ్ళ చేను అంటారు. పోస్టుమాన్ కూడా అలాగే అడుగుతాడు. ఇప్పుడు రాయప్ప మాస్టారు ఆ కుర్చీలో కూర్చుంటే ఇక యూదా మాస్టారే. ఇల్లు యూదా వాళ్ళిల్లు. రేపు సమాధి రాయి మీద ఏం చెక్కించినా జనం చదివేది అదే. ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి నీతులు చెప్పి సంపాదించుకున్న పేరు ఒక్క సాయంత్రంలో పోతుందని ఆయన భయం.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడితే ఆంతోనమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నవ్వబాక. నా పరువు పోతంది."

"నేనేం నవ్వటల్లా. పన్నెండు కుర్చీలేశారు, ఒక్క ఆడమనిషి లేదేందని అడిగితే శిష్యులంతా మగోళ్ళేనన్నావు గదా. పోన్లే, యూదా గూడా మగోడే. మాకదొక్కటే ఊరట."

గురువారం పొద్దున గుడి గేటు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. ఇన్నారెడ్డి నిలువెత్తు ఉన్నాడు. మిగిలినవాళ్ళు వరసగా ఉన్నారు. చివర కింద మూలన మాస్టారు, స్కూలు గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన ముఖంతో. ఫాదర్ గారు అంతకన్నా చిన్నగా ఉన్నారు. ప్రభువుకి చోటు చాలక తలచుట్టూ ఉండే వెలుగు మాత్రం పడింది.

మాస్టారు జ్వరమన్నాడు. ఫిలిప్పు కుర్చీ డాక్టరుదే. ఆయన వచ్చి నాడి చూసి, "బ్రహ్మాండంగా ఉన్నారు, సాయంత్రం కలుద్దాం" అని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం దాటాక మాస్టారు ఇంట్లో కనిపించలేదు.

ఊరి బయట బావమరిది మిరప కల్లం ఉంది. ఎండబెట్టిన మిరపకాయలు ఎకరం మేర ఎర్రగా పరిచి ఉన్నాయి. పూజ అయిపోయేదాకా అక్కడ టార్పాలిన్ కింద దాక్కోవాలని ఆయన పథకం. చెప్పులు చప్పుడు చేస్తాయని గట్టున వదిలి, కాయల మీదుగానే నడుచుకుంటూ అవతలికి పోయాడు. కాసేపటికి తుమ్ములు మొదలయ్యాయి. తొడిమలు తీసే ఆడవాళ్ళు తల తిప్పి చూశారు. వాళ్ళలో ఒకామె ఇంటికి కబురు చేసింది.

ఆంతోనమ్మ వచ్చేసరికి గుడి గంట మోగుతోంది. ఇన్నారెడ్డి గంట.

"లేవయ్యా. నువ్వు రాసిన రాతేగా, నువ్వే మొయ్యాల."

"నన్ను యూదా అంటారే ఊళ్ళో."

"పరుగెత్తి దాక్కున్నావని తెలిస్తే ఇంకేమంటారో! యూదా గూడా కాళ్ళు కడిగించుకునేదాకా కూకున్నాడు."

చెప్పులు వెతుక్కునే వ్యవధి కూడా ఇవ్వలేదామె. మళ్ళీ కాయల మీదుగానే, ఉత్త కాళ్ళతో, చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

గుడి కిక్కిరిసి ఉంది. పదకొండుమంది పట్టుపంచెల్లో కూర్చుని ఉన్నారు. ఆ పాదాలు చూడాలి! గుంటూరు వెళ్ళి బ్యూటీ పార్లర్లో కడిగించి, రుద్దించి, గోళ్ళు కత్తిరించుకుని వచ్చినవి. సెంటు వాసన ముందు సాంబ్రాణి ఓడిపోయింది. మాస్టారు తలొంచుకుని చివరి కుర్చీలో కూర్చున్నాడు. వెనక బెంచీల్లో ఎవరో "యూదా వచ్చాడు" అన్నారు. ఆయనకి కళ్ళు మూసుకుపోయాయి.

ఫాదర్ గారు పై అంగీ తీసి, నడుముకి తువ్వాలు చుట్టుకుని మోకాళ్ళూనారు. ఇన్నారెడ్డి, "వద్దు ప్రభూ! తమరు నా కాళ్ళు కడగడమా!" అని గోడలు అదిరేట్టు అరిచాడు గాని, కాలు మాత్రం అప్పటికే పళ్ళెంలో పెట్టి ఉంచాడు. పదకొండుమంది అయ్యేసరికి కూడా పళ్ళెంలో నీళ్ళు తేటగానే ఉన్నాయి.

పన్నెండో కుర్చీ. ఫాదర్ గారు చెంబుతో నీళ్ళు పోశారు. పళ్ళెంలో నీళ్ళు ఎర్రబడ్డాయి. ఫాదర్ గారు ఒక్క క్షణం ఆగి, మడమల పగుళ్ళలో ఇరుక్కున్న మట్టిని వేలితో తీస్తూ, ఎవరికీ వినిపించకుండా అడిగారు.

"మిరపకాయలు తొక్కారా మాస్టారూ?"

"తొక్కాను ఫాదర్. పారిపోయాను."

"వచ్చారుగా. కూర్చోండి. ఇవ్వాళ కడగడానికి ఈ కాళ్ళే దొరికాయి నాకు."

కాళ్ళు తుడిచి, ముద్దు పెట్టుకుని, నుదుటి మీది చెమట కళ్ళలోకి కారుతుంటే ఆయన అదే చేత్తో తుడుచుకున్నారు. అంతే. రెండు కళ్ళూ చింతనిప్పులయ్యాయి. నీళ్ళు ధారలు కట్టాయి. మాస్టారు పాదాల దగ్గర మోకాళ్ళ మీద ఉన్న మనిషి లేవలేక, ముఖం తువ్వాల్లో దాచుకుని, భుజాలు కుదిలిపోతుండగా అక్కడే ఉండిపోయారు.

గుడంతా లేచి నిలబడింది. "యూదా కోసం ఏడుస్తన్నారు ఫాదర్ గారు" అంది ముందు వరసలో ఒక ముసలామె, ఏడుస్తూ. పాటలవాళ్ళు పాట మధ్యలో ఆపేశారు. ఎన్నడూ ఏడవని లాయర్ మరియదాసు ముక్కు చీదాడు. జోజప్ప తలుపు దగ్గర స్తంభాన్ని కౌగిలించుకుని ఏడ్చాడు. పూజ చివరిదాకా ఫాదర్ గారి కళ్ళు కారుతూనే ఉన్నాయి, జనం ఏడుస్తూనే ఉన్నారు.

అది మిరపకాయల మంట అని అప్పటికి ఫాదర్ గారికీ మాస్టారుకీ తప్ప ఎవరికీ తెలీదు. అయినా ఆయన కళ్ళు కూడా నిండిపోయాయి. ఆయన చేతికి మాత్రం మిరప ఘాటేమీ అంటలేదు. పారిపోయినవాడి మురికి కాళ్ళు ఇంకొకడు అరచేతుల్లోకి తీసుకున్నాడు. దానికి ఏ నిబంధనా లేదు. అది తలుచుకుంటే సిగ్గూ సంతోషమూ కలిసి వచ్చాయి. పేతురు కుర్చీ ఆ సాయంత్రం ఆయనకి గుర్తుకూడా రాలేదు.

ఊళ్ళో యూదా మాస్టారు అనే పేరు స్థిరపడిపోయింది. కాకపోతే జనం ఆ మాట అనేటప్పుడు చేతులు జోడించడం మొదలుపెట్టారు.

కథ ఇక్కడ ఆగితే మాస్టారుకి మంచి పేరే మిగిలేది. కాని ఏడాది గడిచింది. మళ్ళీ తపస్సుకాలం వచ్చింది, మళ్ళీ కౌన్సిల్ కూర్చుంది.

"ఈసారి పేతురు ఎవరికైనా ఇచ్చేయండి" అన్నాడు ఇన్నారెడ్డి ఉదారంగా. "తగ్గింపు అంటే ఏందో నాకు బాగా తెలిసొచ్చింది. అధ్యక్షుడిగా యూదా నేనే కావాల."

"అన్యాయం. గంట ఇచ్చినోళ్ళకి పేతురే" అన్నాడు లాయరు. "అనుమానించేవాడికీ అప్పగించేవాడికీ చుట్టరికం ఉంది. న్యాయంగా అది నాది."

పేతురు కుర్చీ ఖాళీ. యోహాను ఖాళీ. పన్నెండో కుర్చీకి మాత్రం అందరూ పోటీ. గోల సద్దుమణిగాక మాస్టారు నెమ్మదిగా నిబంధనల పుస్తకం తీశాడు.

"క్షమించాలి. నిరుడు సదరు స్థానమును కార్యదర్శి పదవి రీత్యా స్వీకరించడమైనది. పదవిలో ఉన్నంతకాలం ఖాళీ ఏర్పడినట్టు కాదు." ఆ వాక్యం ఆయన కిందటి వారమే చేర్చాడు. ఫాదర్ గారు మళ్ళీ నుదురు రుద్దుకున్నారు.

గొడవ తెగలేదు. ఎవరికి నచ్చిన కుర్చీలో వాళ్ళు కూర్చోవచ్చని, నామఫలకాలు తీసేస్తున్నానని ఫాదర్ గారు ప్రకటించారు. నిరుడు మాస్టారు కాళ్ళకున్నది మిరప ఘాటని కల్లం ఆడవాళ్ళ నోట ఈపాటికే ఊరంతా పాకింది. ఇక ఎవరు యూదానో తేల్చేది కాళ్ళే అని అందరికీ అర్థమైంది.

గురువారం మధ్యాహ్నం మాస్టారు బావమరిది కల్లానికి వెళ్ళాడు. ఈసారి చెప్పులు ఇంట్లోనే వదిలాడు. ఒక రాశి దగ్గర ఆగి, కాయ విరిచి వాసన చూసి, పక్క రాశిది ఇంకా ఘాటని తేల్చుకుని, పంచె పైకి కట్టి తొక్కడం మొదలుపెట్టాడు. కాస్త తొక్కాక తలెత్తి చూస్తే, పక్క కల్లంలో ఇన్నారెడ్డి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తొక్కుతున్నాడు. దాని పక్కన లాయరు. అవతల డాక్టరు, బ్యాంకు మేనేజరు. అంతా తుమ్ముతున్నారు. ఎవరూ ఎవరినీ చూడనట్టే ఉన్నారు.

"అయ్యా, తొక్కితే కాయ పాడైపోద్ది, కొనేవోడు కొనడు!" అని ఒక కూలీ ఆడమనిషి అరుస్తోంది.

ఆంతోనమ్మ తొడిమలు తీసేవాళ్ళ మధ్య కూర్చుని ఉంది. ముఖానికి కట్టుకున్న గుడ్డ కిందికి లాగి మొగుడి వైపు చూసింది.

"నిరుడు సిగ్గుతో తొక్కావు. ఈ ఏడు దేంతో తొక్కుతన్నావయ్యా?"

మాస్టారు కాళ్ళు ఆగిపోయాయి. ఎర్రగా ఉన్న తన పాదాలు చూసుకున్నాడు. మెల్లగా రాశి దిగాడు.

"పోయి బోరు కాడ కాళ్ళు కడుక్కో" అంది ఆంతోనమ్మ.

"కడుక్కుంటే, ఇంక ఫాదర్ గారు కడగడానికేం మిగులుద్దే?" అన్నాడాయన దీనంగా.

"చాలానే మిగులుద్దిలే" అంది ఆమె, ఇంకో కాయ తొడిమ తుంచుతూ.